'వెల్-నోన్'లో బరువు ఎక్కడ?

ప్లేస్‌మెంట్ సీజన్ వస్తే చాలు, బాగా కోడ్ రాసేవాళ్లు కూడా గ్రూప్ డిస్కషన్‌లో నోరు విప్పరు. ఎందుకురా అంటే ఒకటే జవాబు: "నా యాక్సెంట్ బాగోదు." నన్నడిగితే మనం నేర్చుకోవాల్సింది యాక్సెంట్ కాదు, స్ట్రెస్. రెండూ వేరు.

'వెల్-నోన్' అనే మాట చూడండి. రెండే సిలబుల్స్. "హీ ఈజ్ వెల్-నోన్" అంటే బరువు 'నోన్' మీద పడుతుంది. "ఎ వెల్-నోన్ యాక్టర్" అనగానే 'వెల్' మీదికి జరుగుతుంది. ఎందుకంటే 'యాక్టర్' మొదట్లోనే ఒక బరువు ఉంది. రెండు బరువులు పక్కపక్కన పడటం ఇంగ్లీషు నడకకి నచ్చదు. 'థర్టీన్' విడిగా అంటే 'టీన్' మీద, "థర్టీన్ బాయ్స్" అంటే 'థర్' మీద. ఇదీ అంతే.

సిలబుల్స్‌ని స్పెల్లింగ్ చూసి లెక్కపెట్టలేం. 'ఓపెన్-మైండెడ్'లో చివరి ఈ-డి ఒక సిలబుల్, మొత్తం నాలుగు. 'ఓల్డ్-ఫ్యాషన్డ్'లో అదే ఈ-డికి సొంత సిలబుల్ లేదు, మొత్తం మూడే. కంప్యూటర్‌కీ ఇది తలనొప్పే. డొనాల్డ్ నూత్ చేసిన 'టెక్' సాఫ్ట్‌వేర్ కోసం, లైను చివర మాటను ఎక్కడ విరవాలో చెప్పే అల్గారిథమ్ మీద ఫ్రాంక్ లియాంగ్ 1983లో థీసిస్ రాశాడు. అయినా 'రికార్డ్' నామవాచకమైతే ఒకచోట, క్రియ అయితే ఇంకోచోట విరుగుతుంది. అక్షరాలు మాత్రమే చూసే ప్రోగ్రామ్‌కి ఆ తేడా ఎలా తెలుస్తుంది?

మనకు మాత్రం ఈ ఆలోచన కొత్త కాదు. స్కూల్లో మార్కుల కోసమైనా గురులఘువులు గుర్తించాం కదా! సంయుక్తాక్షరం ముందున్న లఘువు గురువవుతుంది. అంటే పక్కనున్నదాన్ని బట్టి బరువు మారుతుందని మనకి ఎప్పుడో తెలుసు. కాకపోతే మనది మాత్రల లెక్క, ఇంగ్లీషులో గొంతు కూడా లేవాలి.

"ఇండియన్ ఇంగ్లీషు ఇలాగే ఉంటుంది, మార్చుకోవడం దేనికి?" అని కొందరంటారు. మన 'ట', మన 'ర' మార్చుకోనక్కర్లేదని నేనూ అంటాను. కానీ 'గ్రీన్' మీద నొక్కితే మొక్కలు పెంచే గ్రీన్‌హౌస్, 'హౌస్' మీద నొక్కితే పచ్చరంగు ఇల్లు. ఇది స్టైల్ కాదు, అర్థం.

అందుకే కమ్యూనికేషన్ ల్యాబ్‌లో అమెరికన్ గొంతుని అనుకరించమనే బదులు, పది మాటలిచ్చి బరువు ఎక్కడుందో గుర్తు పెట్టమంటే మేలు. యాక్సెంట్ లేదని సిగ్గుపడి కూర్చుంటే ఏమీ మారదు. స్ట్రెస్‌కి రూల్స్ ఉన్నాయి. రూల్ ఉన్నది ఏదైనా మనం నేర్చుకోగలం.