తెగని వాదం.. తగ్గిన చోటు
క్షుద్ర నవలలపై నాలుగు దశాబ్దాలుగా పాఠకుల్లో భిన్నాభిప్రాయాలు

తిరుపతి: భయపెట్టే నవలలు చదివితే మూఢనమ్మకాలు పెరుగుతాయా, లేక అది కేవలం కాలక్షేపమా అన్న ప్రశ్న తెలుగు పాఠకలోకంలో నాలుగు దశాబ్దాలకు పైగా నలుగుతూనే ఉంది. 1980ల ఆరంభంలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికగా వెలువడిన నాడు రాజుకున్న వాదన ఇది. నాటి యువ పాఠకులు నేడు తాతలు, అమ్మమ్మలయ్యారు. వారి మనుమలు అదే కోవకు చెందిన కథలను సెల్‌ఫోనులో చదువుతున్నారు. వాదన మాత్రం తెగలేదు. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఆ వాదనకు ఒకప్పుడు వేదికలుగా నిలిచిన చోట్లు మాత్రం క్రమేణా కనుమరుగయ్యాయి. ఆ నవలలు మంచివా, చెడ్డవా అన్నదాని కంటే ఎక్కువ ఆలోచించవలసిన విషయం ఇదే.

‘తులసిదళం’లో ఒక చిన్నారిపై చేతబడి జరుగుతుంది. ఆమెను కాపాడే ప్రయత్నంలో మంత్రగాళ్లు ఒకవైపు, వైద్యులు, హిప్నాటిజం తెలిసినవారు మరోవైపు నిలుస్తారు. జరిగినదానికి మంత్రమే కారణమనుకునే వారికీ, మనసే కారణమనుకునే వారికీ రచయిత కథలో తావు విడిచారు. పాఠకులు సరిగ్గా అక్కడే రెండుగా చీలారు. సైన్సును కూడా చెప్పారు కదా అని ఒక వర్గం సమర్థించింది. సైన్సు పేరు చెప్పి చేతబడికి మర్యాద కట్టబెట్టారని మరో వర్గం మండిపడింది. విలియం పీటర్ బ్లాటీ 1971లో రాసిన ఆంగ్ల నవల ‘ది ఎగ్జార్సిస్ట్’తో పోల్చి చూసినవారూ ఉన్నారు.

విమర్శకుల్లో అగ్రస్థానం రంగనాయకమ్మది. ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అన్న శీర్షికతోనే ఆమె నవలను తూర్పారబట్టారు. ఆ నవలకు ముందుమాట రాసిన కొమ్మూరి వేణుగోపాలరావు స్వయంగా వైద్యుడు, పేరున్న నవలాకారుడు. ఒక వైద్యుడు ఇటువంటి రచనను ఎలా మెచ్చుకుంటారన్న విమర్శ ఆయనను తాకింది. వివాదం న్యాయస్థానం దాకా వెళ్లింది. ‘క్షుద్ర సాహిత్యం’ అన్న మాట పాఠకుల నోళ్లలో నానడం ఆ రోజుల్లోనే. ఆ మాటను తిట్టుగా వాడినవారితో పాటు అదే ముద్ర చూసి పుస్తకం వెతుక్కున్నవారూ తక్కువేమీ కాదు.

వారం వారం వాదన

ఆ నవలల బలం కథలో ఎంత ఉన్నదో, అవి పాఠకునికి చేరిన తీరులోనూ అంతే ఉన్నది. ధారావాహిక ఒక ఉత్కంఠ వద్ద ఆగిపోయేది. తరువాతి భాగానికి వారం రోజుల నిరీక్షణ తప్పదు. ఆ వారమంతా కళాశాల వరండాలో, బస్టాండు పక్క టీ కొట్టు వద్ద, గ్రంథాలయం మెట్ల మీద ఏం జరగబోతున్నదన్న ఊహాగానాలే. రాత్రి దీపం ఆర్పడానికి జంకినవారే తెల్లవారగానే ఇదంతా బూటకమని కొట్టిపారేసేవారు. ఆసక్తిగలవారు వారపత్రికల నుంచి సీరియల్ పుటలను విడదీసి, వరుసగా కుట్టించి, బైండు చేయించి దాచుకునేవారు. ఆ బైండు ఇంటింటికీ తిరిగి అట్ట ఊడిపోయి యజమానిని చేరేది, కొన్నిసార్లు చేరేదే కాదు.

పుస్తకం కొనలేని వారికి అద్దె పుస్తకాల దుకాణాలు ఆధారం. కొంత సొమ్ము డిపాజిట్టు కట్టి, రోజుకింత అని చెల్లించి నవల తీసుకువెళ్లే పద్ధతి రాష్ట్రంలోని పట్టణాలన్నింటిలో నడిచింది. ఈ దుకాణాల్లో యండమూరి, మల్లాది, మధుబాబుల నవలలకు గిరాకీ ఎక్కువ. దుకాణదారుకు తన ఖాతాదారుల అభిరుచులు కంఠతా వచ్చు. పుస్తకం తిరిగి ఇచ్చే వేళ బాగుందా, లేదా అన్న రెండు ముక్కల తీర్పు, దానిపై పక్కనున్నవారి అభ్యంతరం, అలా ఒక చిన్న చర్చ. పేరు పెట్టని పాఠక సభ అది. మొదట టెలివిజన్, తరువాత సెల్‌ఫోను రావడంతో ఈ దుకాణాలు మూతపడుతూ వచ్చాయి.

మాయలమరాఠీలపై లేని అభ్యంతరం

మంత్రాలు, మాయలు తెలుగు పాఠకునికి కొత్తవి కావు. మధిర సుబ్బన్న దీక్షితులు ‘కాశీమజిలీ కథలు’ యాత్రికులు మజిలీ మజిలీకి చెప్పుకున్న అద్భుత గాథల పరంపర. ఆ కథల ప్రేరణతో వచ్చిన ‘పాతాళభైరవి’ 1951లో తెరపై సంచలనం సృష్టించింది. 1947 జూలైలో మద్రాసు నుంచి మొదలైన ‘చందమామ’లో ‘తోకచుక్క’, ‘మకరదేవత’, ‘రాకాసిలోయ’ వంటి ధారావాహికలను దాసరి సుబ్రహ్మణ్యం నడిపించారు. 2010లో కన్నుమూసిన ఈ రచయిత పేరు చాలాకాలం పాఠకులకు తెలియనే తెలియదు. మాంత్రికులు, రాక్షసులు, నరబలులు ఆ పుటల నిండా ఉన్నా పిల్లలు చెడిపోతారని తల్లిదండ్రులు పెద్దగా ఆందోళన చెందిన దాఖలా లేదు.

తేడా ఎక్కడున్నది? జానపద కథలోని మాంత్రికుడు ఏడు సముద్రాల ఆవల ఉంటాడు. అతని కాలం వేరు, లోకం వేరు. పుస్తకం మూయగానే అతడు తన గుహకు వెళ్లిపోతాడు. క్షుద్ర నవలలోని మంత్రగాడు అలా కాదు. టెలిఫోను, స్కూటరు, గ్యాస్ పొయ్యి ఉన్న ఇంటికే వచ్చి తలుపు తడతాడు. బంధువుల ఈర్ష్య, ఆస్తి తగాదా, పిల్లల జ్వరం వంటి రోజువారీ సంగతులే అతనికి దారి చూపిస్తాయి. చేతబడి, బాణామతి, చిల్లంగి అంటూ ప్రాంతానికొక పేరుతో జనం నిజంగానే భయపడుతున్న సంగతిని నవల తాకింది. అందుకే ఒకదానిని వినోదంగా స్వీకరించిన పాఠకులు రెండవదానిపై వాదులాడుకున్నారు. అభ్యంతరం అర్థం లేనిదేమీ కాదు.

తమిళనాడు సరిహద్దులోని నగరి, సత్యవేడు, కుప్పం ప్రాంతాల్లో రెండు భాషల కథలూ తెలిసిన వారున్నారు. అక్కడ ఇందిరా సౌందర్‌రాజన్ ధారావాహికలు ఇదే దారిలో నడిచాయి. 2024 నవంబరులో మరణించిన ఈ రచయిత కొండలు, పాత గుళ్లు, సిద్ధుల గాథల చుట్టూ భయాన్ని అల్లేవారు. 1990ల్లో ఆయన ‘మర్మదేశం’ టెలివిజన్‌లోనూ పేరు తెచ్చుకున్నది. నమ్మకమా, హేతువా అన్న ప్రశ్నను చివరిదాకా లాగడంలో ఆయనదీ, ‘తులసిదళం’దీ ఒకే ఒడుపు.

మదనపల్లె ఘటన తరువాత

ఈ చర్చకు ఈ ప్రాంతంలో మరెక్కడా లేనంత బరువు రావడానికి ఒక కారణముంది. 2021 జనవరి 24న అప్పటి ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని మదనపల్లెలో ఎదిగిన ఇద్దరు కుమార్తెలు సొంత ఇంట్లోనే హతమయ్యారు. ఉన్నత విద్యావంతులైన తల్లిదండ్రులే నిందితులు. చనిపోయినవారు తిరిగి బతికి వస్తారన్న విశ్వాసమే దీనికి మూలమని దర్యాప్తులో వెల్లడైంది. దేశమంతా నివ్వెరపోయింది. చదువు మూఢనమ్మకాన్ని దానంతట అదే పోగొడుతుందన్న ధీమా ఆ రోజుతో సడలింది.

అటువంటి ఘోరాన్ని నవలలకు అంటగట్టడం తొందరపాటు. ఆ ఘటనకు క్షుద్ర నవల కారణమని చెప్పే ఆధారమేదీ లేదు. అయితే ఒక తేడా గమనించదగ్గది. నవల చదివినవాడు దానిని మరొకరితో చెప్పుకుంటాడు, అవతలివాడు కాదంటాడు, ఇద్దరూ పేచీ పడతారు. భయం అక్కడ నలుగురి మధ్యకు వచ్చి పలచబడుతుంది. నాలుగు గోడల మధ్య, ప్రశ్నించే మనిషి లేకుండా ముదిరిన విశ్వాసానికి ఆ అవకాశం లేదు. రంగనాయకమ్మ పుస్తకం అంత ఘాటుగా రావడానికి ఆమె ఖండించదలచిన నవల నలుగురి చేతుల్లో ఉండడమే కారణం.

పొరుగున కర్ణాటక 2017లోనూ, అంతకు ముందు 2013లో నరేంద్ర దాభోల్కర్ హత్యానంతరం మహారాష్ట్రలోనూ మూఢాచారాల నిరోధానికి చట్టాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ అటువంటిది కావాలని హేతువాద సంఘాలు కోరుతూ వచ్చాయి. చట్టం నేరాన్ని శిక్షించగలదు కానీ, భయాన్ని గురించి మాట్లాడుకునే అలవాటును నేర్పలేదు.

నేటి యువత భయానక కథలకు దూరమైందనుకుంటే పొరపాటు. 2014లో బెంగళూరు కేంద్రంగా మొదలైన ప్రతిలిపి వంటి వేదికల్లో తెలుగు హారర్ కథలకు ప్రత్యేక విభాగమే ఉంది. ‘మా ఊరి పొలిమేర’, ‘మసూద’, ‘విరూపాక్ష’ వంటి చిత్రాలకు 2021 నుంచి 2023 మధ్య దక్కిన ఆదరణ తెలిసిందే. చదివేవారున్నారు, చూసేవారున్నారు. ఎదురెదురుగా కూర్చుని కాదనేవారే తక్కువయ్యారు.

ఆ లోటు కొంతైనా తీర్చగలిగినవి శాఖా గ్రంథాలయాలు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ప్రజలు ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను చెల్లిస్తున్నారు. వసూలు చేసిన ఆ సొమ్మును స్థానిక సంస్థలు గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమ చేయకపోవడం పాత జబ్బే. కొత్త పుస్తకాల కొనుగోలుపై దాని ప్రభావం నేరుగా పడుతుంది. ఉన్న కాస్త నిధులలోనూ పోటీ పరీక్షల పుస్తకాలకే ప్రాధాన్యం దక్కుతున్నది. నిరుద్యోగుల అవసరం దృష్ట్యా దానిని తప్పుపట్టలేము. ఫలితంగా పఠన మందిరాలు నిండుగానే కనిపిస్తున్నా, అందరి తలలూ గైడు పుస్తకాల మీదే ఉంటున్నాయి. అక్కడ మాట్లాడుకోవడం నిషిద్ధం. నెలకొక సాయంత్రం నవలా పాఠకుల కోసం ఆ గదిని విడిచిపెట్టడానికి నిధులేవీ అక్కరలేదు, గ్రంథపాలకుని అనుమతి చాలు. మొదటి సమావేశానికి ‘తులసిదళం’, దానిపై రంగనాయకమ్మ విమర్శ రెండూ బల్ల మీద ఉంచితే వాదనకు కొరత ఉండదు.