ఫార్మాట్ కన్న మరమ్మతు మేలు

కంప్యూటర్ మన ఇండ్లలో ప్రవేశించి చాలా కాలమైనది. శ్రీరాంపూర్ వంటి బొగ్గుగనుల ప్రాంతంలోను అది నేడు వింత వస్తువు కాదు. పిల్లల ప్రాజెక్టు రికార్డులు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, పెండ్లి ఫొటోలు, ఇంటి కాగితాల నకళ్లు అన్నీ అందులోనే భద్రమై ఉన్నవి. కాని ఒకనాడు ఆ యంత్రం తెరుచుకోక మొరాయిస్తే చాలామంది నోట వచ్చే మాట ఒక్కటే: “ఫార్మాట్ కొట్టించండి.” ఈ మాటను ఆలోచించకుండా అంగీకరించడం తగదని నా అభిప్రాయం. మరమ్మతు ముందు జరగవలెను. తుడిచివేత చివరిదిగా ఉండవలెను.

మొదట ఒక భేదాన్ని గ్రహించవలెను. కంప్యూటర్‌లో రెండు విధాల ఫైళ్లు ఉన్నవి. యంత్రాన్ని నడిపే సిస్టమ్ ఫైళ్లు ఒక విధం; మనం వ్రాసుకొన్నవి, దాచుకొన్నవి మరొక విధం. విండోస్ తెరుచుకోలేదంటే సాధారణంగా దెబ్బతిన్నవి మొదటి విధానివి. అవి ప్రపంచమంతటా ఒకే తీరున ఉండేవి, మరల తెచ్చుకోదగినవి. రెండవ విధానివి లోకంలో మన ఒక్క ఇంటిలోనే ఉన్నవి. మరల దొరికేదానిని బాగుచేయడానికి, మరల దొరకనిదానిని తుడిచివేయడం ఏమి న్యాయం?

సిస్టమ్ ఫైళ్లు చెడిపోవడానికి కారణాలు గూఢమైనవి కావు. అప్‌డేట్ జరుగుతుండగా కరెంటు పోవడం, విసుగుతో బటన్ నొక్కి యంత్రాన్ని ఆర్పివేయడం, హార్డ్ డిస్క్ పాతబడి కొన్ని భాగాలు చదవరాకుండా పోవడం, మెమరీ లోపం, వైరస్, వేగం పెంచుతామని చెప్పే ఊరూపేరూ లేని ప్రోగ్రాములు — ఇవే ముఖ్యమైనవి.

వీటికి చికిత్స విండోస్‌లోనే ఉన్నది. సిస్టమ్ ఫైల్ చెకర్ అనే సాధనం 1998లో వచ్చిన విండోస్ 98 నాటినుండి ఉన్నది. నేటి విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్ హోదాలో తెరిచి ‘ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ’ అన్న ఆజ్ఞ ఇస్తే, అది రక్షిత సిస్టమ్ ఫైళ్లను ఒక్కొక్కటిగా పరీక్షించి, చెడిపోయినదాని స్థానంలో దాచి ఉంచిన మంచి ప్రతిని ప్రతిష్ఠిస్తుంది. ఆ దాచిన ప్రతుల గిడ్డంగియే చెడిపోతే, దానిని బాగుచేసే ‘డిస్మ్’ అనే మరొక సాధనం కలదు. అవసరమైన ఫైళ్లను అది ఇంటర్నెట్ ద్వారా తెప్పించుకొంటుంది. అందుచేత విండోస్ 10, 11 లలో ముందు డిస్మ్, తరువాత సిస్టమ్ ఫైల్ చెకర్ నడపడం సరియైన క్రమం. ఈ పనిలో మన సొంత ఫైళ్లకు స్పర్శ లేదు.

అయితే చికిత్సకు ముందు ఒక జాగ్రత్త ఉన్నది. డిస్క్ స్వయంగా క్షీణిస్తుంటే, దానిపై ఎంత ఎక్కువ పని పెడితే అంత నష్టం. కనుక సొంత ఫైళ్లను ముందుగా వేరొక డిస్క్‌కు నకలు చేయవలెను. విండోస్ తెరుచుకోకున్నను ఇది సాధ్యమే: పెన్‌డ్రైవ్ నుండి నడిచే లినక్స్‌తో యంత్రాన్ని ప్రారంభించి ఫైళ్లను బయటకు తీయవచ్చును. డిస్క్ బిట్‌లాకర్‌తో తాళం వేసి ఉంటే దాని రికవరీ కీ కావలెను. కీ లేనివారికి డిస్క్ చేతిలో ఉన్నా అందులోని ఫైళ్లు దక్కవు. కనుక యంత్రం బాగున్న రోజుననే ఆ కీని కాగితంపై వ్రాసి ఉంచడం వివేకం.

సమీప చరిత్రలో ఒక ఉదాహరణ చూడండి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన ఫైలు వలన ప్రపంచమంతటా విండోస్ యంత్రాలు నీలితెరతో నిలిచిపోయినవి. వాటి సంఖ్య 85 లక్షలని మైక్రోసాఫ్ట్ అంచనా. హైదరాబాద్ విమానాశ్రయంలో సైతం ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేతితో వ్రాసి ఇచ్చిరి. ఇంతటి విపత్తుకు సూచించిన చికిత్స ఫార్మాట్ కాదు. యంత్రాన్ని సేఫ్ మోడ్‌లో తెరిచి ఆ ఒక్క ఫైలును తొలగించడం. జబ్బు ఎక్కడ ఉన్నదో తెలిసినవారికి చికిత్స చిన్నదే.

గనుల ప్రాంతంలో పెరిగిన మనకు ఇది వేరొకరు చెప్పవలసిన పాఠం కాదు. బావిలో ఒకచోట పైకప్పు రాలితే గనినంతటిని పూడ్చివేయరు. రాలినదానిని తొలగించి, సపోర్టులు నిలిపి, రూఫ్ బోల్టులు బిగించి పని సాగిస్తారు. లోపల మనుషులున్నప్పుడు పూడ్చే ఊసే ఎత్తరు. కంప్యూటర్‌లోనూ లోపల ఏమున్నదో చూడకుండా తుడిచివేయరాదు.

ఉర్దూ, తెలుగు చదివే మనకు నష్టం మరికొంత ఎక్కువ. మన డీటీపీ కేంద్రాలలో తెలుగు అను ఫాంట్లతోను, ఉర్దూ ఇన్‌పేజ్‌తోను ఎన్నో ఏండ్లుగా కూర్చబడినది. ఫార్మాట్ అయినప్పుడు ఆ ఫాంట్లు, ప్రోగ్రాములు కూడ పోతవి. ఫైలు ఎక్కడో దక్కినా, అను ఫాంటు లేనిచోట తెలుగు అర్థంలేని ఆంగ్లాక్షరాలుగా కనబడుతుంది. ఇన్‌పేజ్ లేనిచోట పాత ఉర్దూ ఫైలు తెరుచుకోనే తెరుచుకోదు. ఒక కవి గజళ్లు, ఒక ఉపాధ్యాయుని పాఠాలు, ఒక కళాశాల పాత సంచికలు ఈ విధంగా అంతరించవచ్చును.

“సీ డ్రైవ్ మాత్రమే ఫార్మాట్ చేస్తాము, డీ డ్రైవ్‌లోనివి భద్రం” అని చెప్పడం పరిపాటి. కాని డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ అనే సంచులు సాధారణంగా సీ డ్రైవ్‌లోనే ఉంటవి. మనవారిలో అనేకులు దాచుకొనేది అక్కడే. పాత హార్డ్ డిస్క్ నుండి తుడిచినదానిని కొంతవరకు రాబట్టవచ్చునేమో. నేటి ఎస్‌ఎస్‌డీల నుండి రాబట్టడం దాదాపు అసాధ్యం.

దుకాణదారుల పక్షాన కూడ న్యాయం లేకపోలేదు. కారణం వెదకడానికి గంటలు పట్టవచ్చును; అంత సమయానికి కూలి ఇచ్చేవారు అరుదు. ఫార్మాట్‌తో ఫలితం త్వరగా కనబడుతుంది. వైరస్ లోతుగా పాతుకొన్నప్పుడు తుడిచివేతయే ఉత్తమం కావచ్చును. ఇవి నేను కాదనను. నేను కోరేది వరుస మాత్రమే: ముందు నకలు, తరువాత మరమ్మతు, అటుపై యజమాని సమ్మతితో ఫార్మాట్. ఆ నకలుకు, ఆ శ్రమకు తగిన రుసుము ఇవ్వడానికి మనమూ వెనుదీయరాదు.

విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినందున, పాత యంత్రాలలో కొత్త విండోస్ ఎక్కించుకొనేవారు ఎక్కువైనారు. తుడిచివేత ప్రమాదం అంతగా పెరిగిన సమయమిది. కనుక కళాశాల కమిటీ పెద్దలకు మూడు మనవులు చేస్తున్నాను. మొదటిది, నెలకు ఒకనాడు ప్రయోగశాలలో విద్యార్థులు తమ ఇంటి కంప్యూటర్లను తెచ్చి, అధ్యాపకుల పర్యవేక్షణలో బాగుచేసుకొనే ఏర్పాటు కావలెను. రెండవది, కళాశాలలోని ఏ యంత్రమైనను నకలు తీసినట్లు సంతకం లేనిదే ఫార్మాట్ చేయరాదన్న నియమం కావలెను. మూడవది, మన సంచిక ఉర్దూ, తెలుగు ప్రతులను యూనికోడ్‌లోను, పీడీఎఫ్‌లోను వేర్వేరు చోట్ల భద్రపరచవలెను.

విద్యార్థి మిత్రులారా! ఈ విద్యకు పెద్ద పెట్టుబడి అవసరం లేదు. ఒక పెన్‌డ్రైవ్, రెండు ఆజ్ఞలు, కొంత ఓపిక చాలును. మీ ఇంటిలోనిదే కాక పొరుగింటి యంత్రాన్ని కూడ మీరు నిలుపగలరు. ఇకముందు “ఫార్మాట్ కొట్టించండి” అన్న మాట వినబడినప్పుడు, “లోపల ఏమున్నదో చూచితిరా?” అని అడగడం మనకు అలవాటు కావలెను.