మీట నొక్కితే మోగలేదా? మంచిదే!

రెజ్యూమెలో ‘హాబీ: సంగీతం’ అని రాసి వదిలేసేవాళ్లకు ఒక మాట. యూఎస్‌బీ మ్యూజిక్ కీబోర్డును ల్యాప్‌టాప్‌కు కలిపి మోగించి చూడండి. ఇంటర్వ్యూకి అంతకంటే మంచి ప్రిపరేషన్ నాకు తెలీదు.

మొదట ఏమీ వినిపించదు. పాడైందని వాపసు పంపేయకండి. ఇలాంటివాటిలో చాలావరకు శబ్దమే ఉండదు. ఏ మీట, ఎంత గట్టిగా నొక్కారన్నది 0 నుంచి 127 వరకు అంకెల్లో మిడి సందేశంగా పంపుతాయంతే. 1983 నాటి పద్ధతి, ఇంకా నడుస్తోంది! శబ్దం పుట్టించాల్సింది సాఫ్ట్‌వేర్. అందులో కీబోర్డును ఇన్‌పుట్‌గా ఎంచుకుని, ఒక వాయిద్యాన్ని లోడ్ చేయాలి.

మోగినా ఆలస్యమవుతోందా? బఫర్ చూడండి. 48,000 హెర్ట్జ్ దగ్గర 1,024 శాంపిళ్లంటే 21 మిల్లీసెకన్లు. 128కి దించితే మూడు లోపే. మరీ దించితే ప్రాసెసర్ అందుకోలేక చిటపటలు.

లేటెన్సీ అంటే ఏంటని అడిగితే నిర్వచనం అప్పజెప్పేవాళ్లే ఎక్కువ. మీరు ఈ చిటపటల గురించి చెప్పండి.