వృత్తి పన్ను: వసూలు యజమానిది, రాబడి స్థానిక సంస్థలది, పరిమితి 1988 నాటిది

ప్రత్యేక వ్యాసం

రాష్ట్ర శాసనసభ చేసిన చట్టాలలో వ్యాపార సంస్థలను, ఉద్యోగులను నియమించుకునే యజమానులను, స్థానిక సంస్థలను ఏకకాలంలో స్పృశించే చట్టాలు బహు కొద్ది. ఆంధ్రప్రదేశ్ వృత్తులు, వ్యాపారాలు, ఉపాధులు, ఉద్యోగాలపై పన్ను చట్టం, 1987 వాటిలో ఒకటి. 1987 నాటి 22వ చట్టంగా అమలులోకి వచ్చిన ఈ శాసనం 2014లో రాష్ట్ర పునర్విభజన అనంతరం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు రెండింటిలోనూ కొనసాగుతోంది. నెలసరి వేతన పత్రంలో 150 రూపాయలుగానో, 200 రూపాయలుగానో కనిపించే ఈ కోత ఉద్యోగికి చిన్న మొత్తమే. అయితే పట్టణాలు, గ్రామాల సొంత ఆదాయ వనరులు తగ్గుతున్న నేపథ్యంలో ఈ పన్ను స్వరూపాన్ని, పరిమితులను సమగ్రంగా పరిశీలించవలసిన అవసరం ఏర్పడింది.

చట్టంలోని ముఖ్యాంశాలు

రాజ్యాంగంలోని ఏడవ షెడ్యూలు, రాష్ట్ర జాబితాలోని 60వ అంశం ఈ పన్ను విధించే అధికారాన్ని రాష్ట్రాలకు కల్పించింది. 1987 చట్టం ప్రకారం పన్ను చెల్లింపుదారులు రెండు తరగతులు. మొదటి తరగతి వేతన జీవులు. వీరి పక్షాన యజమాని నమోదు ధ్రువపత్రం పొంది, ప్రతి నెలా వేతనం నుంచి పన్నును మినహాయించి, మరుసటి నెల 10వ తేదీలోగా ప్రభుత్వ ఖాతాకు జమచేసి, రిటర్ను దాఖలు చేయవలసి ఉంటుంది. రెండవ తరగతి వైద్యులు, న్యాయవాదులు, చార్టర్డ్ అకౌంటెంట్లు, వ్యాపారులు మొదలైన స్వయం ఉపాధి పొందేవారు. వీరు స్వయంగా ఎన్‌రోల్‌మెంటు ధ్రువపత్రం పొంది ఏడాదికొకసారి పన్ను చెల్లించాలి.

2013లో సవరించిన శ్లాబుల ప్రకారం నెలకు 15,000 రూపాయల వరకు వేతనం పొందేవారికి పన్ను లేదు. 15,001 నుంచి 20,000 రూపాయల వరకు నెలకు 150 రూపాయలు, 20,000 రూపాయలు దాటిన వేతనంపై నెలకు 200 రూపాయలు చెల్లించాలి.

ఇక్కడ యజమానులు ప్రత్యేకంగా గమనించవలసిన నిబంధన ఒకటి ఉన్నది. వేతనం నుంచి పన్నును మినహాయించినా, మినహాయించకపోయినా ఆ మొత్తాన్ని ప్రభుత్వానికి చెల్లించే బాధ్యత యజమానిదే. ఉదాహరణకు 40 మంది పనిచేసే ఒక సంస్థలో 10 మంది వేతనం 15,000 రూపాయల లోపు, 12 మంది వేతనం 15,001 నుంచి 20,000 రూపాయల మధ్య, 18 మంది వేతనం అంతకు పైన ఉన్నదనుకుంటే, ఆ సంస్థ నెలకు 5,400 రూపాయలు, ఏడాదికి 64,800 రూపాయలు జమచేయాలి. లెక్కల్లో పొరపాటు జరిగినా, గడువు దాటినా వడ్డీ, అపరాధ రుసుముల భారం సంస్థపైనే పడుతుంది. పన్ను ఉద్యోగిది, శ్రమ యజమానిది అన్నది ఈ చట్టం తొలి లక్షణం.

స్థానిక సంస్థల నుంచి రాష్ట్రానికి

వృత్తి పన్ను మొదటి నుంచి స్థానిక స్వపరిపాలనతో ముడిపడిన పన్ను. ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో 1920 నాటి జిల్లా మునిసిపాలిటీల చట్టం, స్థానిక బోర్డుల చట్టం కింద ఈ పన్నును మునిసిపాలిటీలు, బోర్డులే విధించేవి. కోస్తా, రాయలసీమ జిల్లాలకు అదే సంప్రదాయం వారసత్వంగా లభించింది. రాజ్యాంగంలోని 276వ అధికరణం సైతం ఈ పన్నును రాష్ట్రం లేదా మునిసిపాలిటీ, జిల్లా బోర్డు, ఇతర స్థానిక సంస్థల ప్రయోజనం కోసం విధించవచ్చునని పేర్కొంటోంది.

1987 చట్టంతో విధింపు, వసూలు అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి బదిలీ అయి, వాణిజ్య పన్నుల శాఖ చేతికి వచ్చింది. ఇందువల్ల రాష్ట్రమంతటా ఒకే రేటు, ఒకే విధానం అమలులోకి వచ్చాయి. ఒక్కొక్క పట్టణంలో ఒక్కొక్క కార్యాలయం చుట్టూ తిరగవలసిన అవసరం వ్యాపార సంస్థలకు తప్పింది. మరోవైపు, తమ పరిధిలో పన్ను విధించే స్థితి నుంచి రాష్ట్రం వసూలు చేసి ఇచ్చే వాటా కోసం వేచి ఉండే స్థితికి స్థానిక సంస్థలు చేరుకున్నాయి. స్థానిక సంస్థల పద్దుల్లో వృత్తి పన్ను నేడు 'అసైన్డ్ రెవెన్యూ'గా కనిపించడానికి కారణం ఇదే.

కదలని పరిమితి

ఈ పన్ను విషయంలో రాష్ట్రాల చేతులను కట్టివేస్తున్నది 276వ అధికరణంలోని రెండవ నిబంధన. ఒక వ్యక్తి నుంచి ఏడాదికి వసూలు చేయదగిన గరిష్ఠ మొత్తాన్ని రాజ్యాంగమే నిర్దేశించింది. 1950లో ఆ పరిమితి 250 రూపాయలు. 1988లో 60వ రాజ్యాంగ సవరణ ద్వారా దానిని 2,500 రూపాయలకు పెంచారు. తొలి 38 సంవత్సరాలలో పది రెట్లు పెరిగిన పరిమితి, ఆ తరువాత గడిచిన మూడున్నర దశాబ్దాలకు పైబడిన కాలంలో ఒక్క రూపాయి కూడా పెరగలేదు.

ఆదాయపు పన్ను కోసం ప్రకటించే వ్యయ ద్రవ్యోల్బణ సూచీని కొలమానంగా తీసుకుంటే, 1988-89 నాటి 2,500 రూపాయలు 2024-25 నాటికి సుమారు 24,000 రూపాయలకు సమానం. అంటే పరిమితి విలువ దాదాపు పదో వంతుకు క్షీణించింది. పరిమితిని 12,000 రూపాయలకు పెంచాలని 14వ ఆర్థిక సంఘం, 18,000 రూపాయలకు పెంచాలని 15వ ఆర్థిక సంఘం సిఫార్సు చేశాయి. ఇందుకు పార్లమెంటు ప్రత్యేక మెజారిటీతో రాజ్యాంగాన్ని సవరించవలసి ఉంటుంది. శాసనసభ తీర్మానంతోనో, ప్రభుత్వ ఉత్తర్వుతోనో సాధ్యమయ్యే పని కాదు.

ప్రస్తుత శ్లాబుల ప్రకారం వేతన జీవి ఏడాదికి చెల్లించే గరిష్ఠ మొత్తం 2,400 రూపాయలు. అనగా రాజ్యాంగ పరిమితికి, అమలులో ఉన్న రేటుకు మధ్య మిగిలిన అంతరం తలకు 100 రూపాయలు మాత్రమే. మహారాష్ట్ర, కర్ణాటక రాష్ట్రాలు ఫిబ్రవరి నెలలో 200కు బదులు 300 రూపాయలు మినహాయించి ఈ అంతరాన్ని కూడా భర్తీ చేస్తున్నాయి.

భారం ఎవరిపై అధికం

గరిష్ఠ పరిమితి తక్కువగా ఉండటం ఉద్యోగులకు మేలని పైకి తోచవచ్చు. వాస్తవంలో ఆ మేలు అందరికీ సమానంగా దక్కడం లేదు. నెలకు 20,001 రూపాయలు పొందే చిరుద్యోగి, నెలకు 2 లక్షల రూపాయలు పొందే ఉన్నతోద్యోగి ఒకే 2,400 రూపాయలు చెల్లిస్తున్నారు. మొదటివారికి అది వార్షిక వేతనంలో ఒక శాతం. రెండవవారికి 0.1 శాతం. 2013లో శ్లాబులు నిర్ణయించిన నాటికి 15,000 రూపాయల వేతనానికి ఉన్న కొనుగోలు శక్తి నేడు లేదు. వేతనాలు ధరలతోపాటు పెరుగుతున్న కొద్దీ, నిజ ఆదాయం పెరగకపోయినా మరింత మంది అల్ప వేతన జీవులు పన్ను పరిధిలోకి వచ్చి చేరుతున్నారు.

వేతన జీవులకు ఆదాయపు పన్నులో పాత విధానాన్ని ఎంచుకుంటే వృత్తి పన్ను మేరకు మినహాయింపు లభిస్తుంది. కొత్త విధానంలో ఆ వెసులుబాటు లేదు. కాబట్టి భవిష్యత్తులో పరిమితి పెరిగితే దాని ప్రభావం నేరుగా చేతికందే వేతనంపై పడుతుందన్నది విస్మరించరాదు.

జీఎస్టీ అనంతర పరిస్థితి

2016లో జరిగిన 101వ రాజ్యాంగ సవరణ, 2017 జూలై 1 నుంచి అమలైన వస్తు సేవల పన్ను స్థానిక సంస్థల ఆదాయ మార్గాలను గణనీయంగా మార్చివేశాయి. ప్రకటనలపై పన్నుకు సంబంధించిన అంశాన్ని రాష్ట్ర జాబితా నుంచి తొలగించారు. వినోదపు పన్ను విషయంలో పంచాయతీలు, మునిసిపాలిటీలు స్వయంగా విధించి వసూలు చేసుకునే మేరకే అధికారం మిగిలింది. రాబడి నష్టానికి జీఎస్టీ పరిహారం రాష్ట్రాలకు 2022 జూన్ వరకు లభించింది గానీ, ఆ పరిహారం పొందే హక్కు నేరుగా స్థానిక సంస్థలకు లేదు. ఫలితంగా ఆస్తి పన్ను, స్థిరాస్తి బదిలీలపై సుంకంలో వాటా, వృత్తి పన్ను వంటి పరిమిత వనరులపై స్థానిక సంస్థలు మరింతగా ఆధారపడవలసి వచ్చింది. పారిశుద్ధ్యం, తాగునీరు, వీధి దీపాల నిర్వహణ వ్యయం మాత్రం ఏటా పెరుగుతూనే ఉన్నది.

ఇతర రాష్ట్రాల అనుభవం

దేశంలో వృత్తి పన్ను అమలు ఒకే తీరుగా లేదు. తమిళనాడు, కేరళ రాష్ట్రాలలో స్థానిక సంస్థలే అర్ధ సంవత్సరానికి ఒకసారి పన్ను వసూలు చేసుకుంటున్నాయి. మహారాష్ట్ర 1975లో చేసిన చట్టం ఉపాధి హామీ పథకానికి నిధులు సమకూర్చే ఉద్దేశంతో రూపొందింది. ఢిల్లీ, హర్యానా, ఉత్తరప్రదేశ్‌లలో ఈ పన్ను లేదు. హైదరాబాద్, చెన్నై, కొచ్చిలలో శాఖలున్న ఒక సంస్థ మొదటి నగరంలో ప్రతి నెలా రాష్ట్ర శాఖకు, మిగిలిన రెండు నగరాలలో ఆరు నెలలకొకసారి నగరపాలక సంస్థలకు పన్ను చెల్లించవలసి వస్తోంది. తెలుగు రాష్ట్రాల విధానం సంస్థలకు సులభం. తమిళనాడు, కేరళ విధానంలో పన్ను చెల్లించేవారికి, దానితో సేవలందించే స్థానిక సంస్థకు మధ్య సంబంధం స్పష్టంగా కనిపిస్తుంది.

రాష్ట్రాల పరిధిలోని చర్యలు

గరిష్ఠ పరిమితి పార్లమెంటు పరిధిలోని అంశమైనప్పటికీ, రాష్ట్రాలు స్వయంగా చేయదగిన పనులు లేకపోలేదు. మినహాయింపు పరిమితిని సవరించడం వాటిలో మొదటిది. కర్ణాటక 2023 ఏప్రిల్ నుంచి పన్ను వర్తించే కనిష్ఠ వేతనాన్ని 15,000 నుంచి 25,000 రూపాయలకు పెంచింది. మహారాష్ట్ర అదే సంవత్సరం నెలకు 25,000 రూపాయల వరకు వేతనం పొందే మహిళలకు మినహాయింపు కల్పించింది. ఈ నిర్ణయాలకు రాజ్యాంగ సవరణ అవసరం కాలేదు. అయితే మినహాయింపు పెరిగిన మేరకు స్థానిక సంస్థల వాటా తగ్గుతుంది గనుక, ఆ లోటును భర్తీ చేసే ఏర్పాటు సైతం అదే ఉత్తర్వులో ఉండటం సముచితం.

రెండవది, వసూలైన మొత్తాన్ని స్థానిక సంస్థలకు నిర్ణీత కాలంలో బదిలీ చేయడం. ఏ మునిసిపాలిటీ, ఏ పంచాయతీ పరిధి నుంచి ఎంత వసూలైంది, ఎంత బదిలీ అయిందన్న వివరాలు బహిరంగంగా అందుబాటులో ఉన్నప్పుడే స్థానిక సంస్థలు తమ బడ్జెట్లను విశ్వసనీయంగా రూపొందించుకోగలవు. రాజ్యాంగంలోని 243-ఐ, 243-వై అధికరణాల కింద ఏర్పాటయ్యే రాష్ట్ర ఆర్థిక సంఘాలు పరిశీలించవలసిన విషయాలలో ఈ పంపిణీ ఒకటి. రాష్ట్ర ఆర్థిక సంఘాన్ని ఏర్పాటు చేసి, దాని సిఫార్సులపై తీసుకున్న చర్యలను శాసనసభకు నివేదించని రాష్ట్రాలకు 2024 మార్చి తరువాత స్థానిక సంస్థల గ్రాంట్లు నిలిపివేయాలని 15వ ఆర్థిక సంఘం సూచించిన విషయం విదితమే.

మూడవది, సంస్థలపై పడే నిర్వహణ భారాన్ని తగ్గించడం. అతి కొద్దిమంది ఉద్యోగులున్న చిన్న సంస్థ ప్రతి నెలా కొన్ని వందల రూపాయల కోసం వేరుగా రిటర్ను దాఖలు చేయడం వల్ల ఖజానాకు చేకూరే ప్రయోజనం స్వల్పం. అటువంటి సంస్థలకు త్రైమాసిక లేదా వార్షిక చెల్లింపు వెసులుబాటు కల్పించే విషయం పరిశీలనార్హం.

పరిమితిని పెంచే సవరణ భవిష్యత్తులో వచ్చినట్లయితే, అది అధికారాన్ని మాత్రమే విస్తరింపజేస్తుంది. రేట్లను నిర్ణయించవలసింది రాష్ట్ర శాసనాలే. శ్లాబులను యథాతథంగా ఉంచి పై రేటును మాత్రమే పెంచితే 20,001 రూపాయల వేతన జీవిపై మోయలేని భారం పడుతుంది. అధిక వేతనాలకు అధిక రేటు, అల్ప వేతనాలకు మినహాయింపు అన్న క్రమాన్ని ముందుగానే సిద్ధం చేసుకోవడం విజ్ఞత. యజమాని శ్రమకోర్చి జమచేసిన ప్రతి రూపాయి సకాలంలో స్థానిక సంస్థకు చేరినప్పుడే 1987 చట్టం ఆశయం నెరవేరినట్లవుతుంది.