టిక్కెట్టు ఎంతరా?

సాయంత్రం ఆరు దాటాక ఎల్బీ నగర్ చౌరస్తాలో ఓ పది నిమిషాలు నిలబడి చూడండి. విజయవాడ రహదారి వైపు "సూర్యాపేట, బెజవాడ, బెజవాడ" అని గొంతు చించుకునే కుర్రవాళ్ళు కనిపిస్తారు. భుజాన సంచి ఉన్న ప్రతి మనిషినీ పలకరిస్తారు. ధర అడిగితే వాళ్ళొక అంకె చెబుతారు, మనమొక అంకె చెబుతాం, మధ్యలో ఎక్కడో బేరం కుదురుతుంది. సంక్రాంతికి ముందు రెండు రోజులైతే బేరం మాటే లేదు, వాళ్ళు చెప్పిందే వేదం. తిట్టుకుంటూనే ఎక్కుతాం. అయినా ఒక సంగతి ఒప్పుకోవాలి. కుదిరిన ధర కుదిరినట్టే ఉంటుంది. చౌటుప్పల్ దాటాక క్లీనరు వచ్చి "కూర్చున్నందుకు మూడు వందలు, డబ్బు పుచ్చుకున్నందుకు నాలుగు వందలు" అని అడగడు.

విమానం టిక్కెట్టు మాత్రం అలాగే అడుగుతుంది. ఈ టపా దాని గురించే.

2023 ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం మూడు గంటలకు విశాఖపట్నం నుండి ఫోను వచ్చింది. మా పెద్దమ్మకు బాగాలేదు, వెంటనే బయలుదేరి రమ్మన్నారు. అమ్మకు మిగిలిన ఒక్కగానొక్క తోబుట్టువు ఆవిడ. బస్సులో రాత్రంతా కూర్చుని వెళ్ళడానికి అమ్మ మోకాళ్ళు సహకరించవు. రైళ్ళలో బెర్తులు లేవు. విమానమే దిక్కనుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అమ్మ వచ్చి నా వెనుక నిలబడింది.

"టిక్కెట్టు ఎంతరా?"

తెర మీద 4,199 అని పెద్ద అక్షరాలలో ఉంది. అదే చెప్పాను. ముగ్గురికి పన్నెండు వేల ఆరు వందలు. తన పింఛను డబ్బులోంచి ఇస్తానని అమ్మ బీరువా దగ్గరకు వెళ్ళింది.

ఆవిడ తిరిగి వచ్చేలోగా నేను "ముగ్గురు ప్రయాణికులు" అని మార్చాను. తలకు 5,349 అయింది. పేర్లు, వయసులు నింపి ముందుకు వెళితే సీట్లకు తొమ్మిది వందలు చేరింది. అడగని బీమా ఒకటి ముందే టిక్కు పెట్టుకుని కూర్చుంది, దానికి 747. చివరి మెట్టు మీద "సౌలభ్య రుసుము" అనే పేరుతో 1,197. వెరసి 18,891 రూపాయలు. పైన ఎర్రటి గడియారమొకటి ఏడు నిమిషాల నుండి వెనక్కి పరుగెడుతోంది.

అమ్మ నోట్లు లెక్కపెట్టుకుని వచ్చి నిలబడింది. నేను కొత్త అంకె చెప్పాను. "ఇందాక పన్నెండున్నర అన్నావుగా?" అంది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

అప్పుడు నేను చేసిన పని ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. ఆ డబ్బు కట్టేసి లేచి ఉండవలసింది. ఆరు వేలకు వెనుకాడే స్థితి కాదు మాది. కాని మోసపోతున్నానన్న ఉక్రోషం వచ్చింది. నిజమైన ధర ఇంకెక్కడో ఉండి ఉంటుందని నాలుగు చోట్ల వెతికాను. ఒక్కొక్క చోట ఒక్కొక్క అంకె, ప్రతి అంకె వెనుకా మరొక అంకె. ఫోనులో చూశాను, ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిచి చూశాను. తల ఎత్తేసరికి ఆరున్నర. ఎల్బీ నగర్ నుండి శంషాబాదు చేరి ఆ రాత్రి చివరి విమానం అందుకునే సమయం దాటిపోయింది. మర్నాడు తెల్లవారుజామున, అంతకంటె ఎక్కువ ధర పెట్టి, మొదటి విమానంలో వెళ్ళాం. మేము ఇల్లు చేరేసరికి పెద్దమ్మను వసారాలో పడుకోబెట్టి ఉంచారు.

తరువాత చాలాకాలం నేను ఈ ధరల యంత్రం ఎలా పనిచేస్తుందో చదువుతూ వచ్చాను. పగతో మొదలుపెట్టానేమో, చదివేకొద్దీ పగ రెండు ముక్కలయింది. ఒక ముక్క కరిగిపోయింది, రెండవది గట్టిపడింది.

కరిగినది ఇది. విమానంలో సీట్లన్నీ ఒకే తరగతివిగా కనిపించినా, కంపెనీ వాటిని ధరల వారీగా చాలా గంపలుగా విడదీస్తుంది. చవక గంపలో పరిమితంగా సీట్లు ఉంటాయి, అవి అయిపోగానే పై గంప తెరుచుకుంటుంది. మనం ముగ్గురికి అడిగినప్పుడు చవక గంపలో రెండే మిగిలి ఉంటే, సాధారణంగా ముగ్గురికీ పై గంప ధరే చూపుతారు. ఆనాడు నా 4,199 ఒక్క క్లిక్కుతో 5,349 కావడానికి కారణం బహుశా ఇదే. ఇద్దరికి ఒకసారి, ఒకరికి ఒకసారి కొని ఉంటే కొంత మిగిలేది. ఆ సంగతి తెరమీద ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. చెప్పరు. చెప్పకపోవడం వల్లనే, మనం పదే పదే వెతుకుతున్నామని కనిపెట్టి ధర పెంచేస్తున్నారన్న అనుమానం ఇంటింటా పుట్టింది.

ఈ విద్యకు పుట్టినిల్లు అమెరికా. అక్కడ 1978లో విమాన ఛార్జీల మీద ప్రభుత్వ నియంత్రణ తొలగింది. చవక టిక్కెట్ల పీపుల్ ఎక్స్‌ప్రెస్ వంటి కొత్త కంపెనీలు పాతవాటిని హడలగొట్టాయి. అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన సేబర్ కంప్యూటర్ సాయంతో ఏ సీటు ఏ ధరకు, ఎప్పటివరకు అమ్మాలో లెక్కకట్టడం నేర్చుకుంది. 1985లో తానూ చవక టిక్కెట్లు ప్రకటించింది, కాని కొన్ని సీట్లకే. తక్కినవి చివరి నిమిషంలో పరుగెత్తుకొచ్చే వారికోసం అట్టిపెట్టింది. సుమారు రెండేళ్ళలో పీపుల్ ఎక్స్‌ప్రెస్ అంతరించింది. ఆ చివరి నిమిషపు మనిషిని నేనే!

అయినా దీన్ని అన్యాయం అనలేను. ఎగిరిపోయిన విమానంలో ఖాళీ సీటు సాయంత్రానికి మిగిలిన మల్లెపూల వంటిది, మర్నాటికి పనికిరాదు. మా కొత్తపేటలో పండ్ల మార్కెట్టు ఉన్న రోజుల్లో (ఇప్పుడది బాటసింగారం తరలిపోయింది) మామిడి ధర రోజుకొకటిగా ఉండేది. లారీలు ఎక్కువ వస్తే పడిపోయేది, తక్కువ వస్తే లేచేది. ఎవరూ దాన్ని మోసమనలేదు, ఎందుకంటే వేలం పాట అక్కడ నిలబడ్డ అందరికీ వినిపించేది. పైగా మన దేశంలో ఈ వ్యాపారం లాభాల పంట కూడా కాదు. కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ ఎయిర్‌వేస్ 2019లో, గో ఫస్ట్ 2023లో రెక్కలు ముడిచాయి. ధర మారడాన్ని నేను క్షమించగలను.

గట్టిపడిన రెండవ ముక్క వేరు. ఆనాటి 6,294 రూపాయల తేడాలో 3,450 గంప మారినందువల్ల వచ్చింది. మిగిలిన 2,844కు గిరాకీతోగాని, ఇంధనంతోగాని సంబంధం లేదు. అది నా తొందర మీద వేసిన పన్ను. ఇందులో బీమా, సీట్లు జాగ్రత్తగా చూస్తే తీసివేయదగ్గవే. కాని సౌలభ్య రుసుము? టిక్కెట్టు అమ్మే కొట్టు వేరే దారిలేని చోట తలుపు తీసినందుకు తలకింత చొప్పున వసూలు చేస్తే, అది ఎవరి సౌలభ్యం? తప్పించుకోలేనిది ధరలో భాగమే. దాన్ని మొదటి పుటలో కాక చివరి పుటలో చూపడం మాత్రం ఒక ఉద్దేశంతో జరిగే పని.

మన చట్టాలలో దీనికి మందు లేదా అంటే, ఉంది. 1994లో ఎయిర్ కార్పొరేషన్ల చట్టం రద్దయ్యాక ఛార్జీల నిర్ణయం కంపెనీల చేతికి వచ్చింది. అయినా 1937 నాటి విమాన నిబంధనలలో 135వది, నిర్వహణ ఖర్చును, సమంజసమైన లాభాన్ని దృష్టిలో పెట్టుకుని ధర నిర్ణయించి, దాన్ని ప్రకటించాలని చెప్పింది. అదనపు సేవలను ప్రయాణికుడు కోరితేనే చేర్చాలన్నది డీజీసీఏ నియమం. మా ప్రయాణం జరిగిన ఏడాదే, 2023 నవంబరు 30న, కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ "డార్క్ ప్యాటర్న్‌ల" మీద మార్గదర్శకాలు ప్రకటించింది. పదమూడు రకాల మాయలకు పేర్లు పెట్టింది. అడగని సరుకును బుట్టలో వేయడం, లేని తొందర పుట్టించడం, ధరను బొట్లుబొట్లుగా బయటపెట్టడం అందులో ఉన్నాయి. బీమా వద్దంటే "నేను రక్షణ లేకుండానే ఉంటాను" అని మనచేత ఒప్పించే మాయకు విమానం టిక్కెట్టునే ఉదాహరణగా చూపింది. చదువుతుంటే ఎవరో ఆ మధ్యాహ్నం మా ఇంట్లో, నా భుజం వెనుక నిలబడి రాసుకున్నారా అనిపించింది.

ప్రభుత్వం తలుచుకుంటే ధరకు కళ్ళెం వేయలేకపోదు. కోవిడ్ తరువాత 2020 మే నుండి 2022 ఆగస్టు వరకు ఛార్జీల పరిధులు అమలులో ఉన్నాయి. 2025 డిసెంబరులో ఇండిగో విమానాలు కుప్పలు తెప్పలుగా రద్దయినప్పుడు, ఆరవ తేదీన మళ్ళీ గరిష్ఠ ధరలు విధించింది. ఐదు వందల కిలోమీటర్ల లోపు 7,500, వెయ్యి లోపు 12,000, పదిహేను వందల లోపు 15,000, ఆపైన 18,000. ఆపత్కాలంలో అది అవసరమే. కాని నేను కోరేది గరిష్ఠ ధర కాదు, అంతకంటె చిన్నది. యూరోపులో 2008 నుండి, అమెరికాలో 2012 నుండి తప్పనిసరి రుసుములన్నీ కలిపిన మొత్తాన్నే ముందుగా చూపాలన్న నియమం ఉంది. అలా చూపినందువల్ల అక్కడ విమానాలు నేలకు దిగిపోలేదు. మన దగ్గర కూడా, మొదటి తెర మీద చూపిన అంకెకూ చివరి తెర మీద కట్టే అంకెకూ తేడా ఉండకూడదన్న ఒక్క వాక్యం కచ్చితంగా అమలైతే చాలు.

"జాగ్రత్తగా చూసుకోవడం కొనేవాడి బాధ్యత" అని మిత్రుడొకరు నాతో వాదించారు. నిజమే. ఇప్పుడు నేను ముందు ఒక్కరికి, తరువాత అందరికీ వెతుకుతాను. చివరి పుట దాకా వెళ్ళి ఆ మొత్తాలనే పోల్చుకుంటాను. టిక్కులన్నీ తీసేస్తాను. తేడా వస్తే 1915కు ఫిర్యాదు చేయవచ్చని తెలుసుకున్నాను. కాని ఈ తెలివి తీరికగా ఉన్నవాడికి పనికివస్తుంది. ఆసుపత్రి నుండి ఫోను వచ్చినవాడికి, కన్నీళ్ళలో తెర మసకబారినవాడికి పనికిరాదు. నిజాయితీగల ధర అవసరమయ్యేది అతనికే.

అబద్ధపు ధర మన జేబులోంచి తీసుకునేది ఆ రెండు మూడు వేలు మాత్రమే కాదు. ఎదుట ఉన్న అంకెను నమ్మి, సరే అని లేచే శక్తిని తీసుకుంటుంది. ఆ రోజు నేను పోగొట్టుకున్నది అదే. మొదటే 18,891 అని కనబడి ఉంటే, నిట్టూర్చి, కట్టి, మూడున్నరకల్లా ఇంట్లోంచి బయటపడి ఉండేవాళ్ళం.

పదకొండో రోజు అయ్యాక తిరుగు ప్రయాణం రైలులో. రాజమండ్రి దాటాక, గోదావరి మీద చీకట్లో నాణెం విసిరి, అమ్మ ఇటు తిరిగి నెమ్మదిగా అడిగింది.

"ఇంతకీ ఆ టిక్కెట్టు ఎంతరా?"

ఏ అంకె చెప్పాలో నాకు తోచలేదు.