సింహాల సీమలో సైకిలు సవారీ: మా వారిని పంపవచ్చునా?

ప్రశ్న: మా వారి వయసు 58. ఈ మధ్యనే రిటైరయ్యారు. మా అమ్మాయి, అల్లుడు నైరోబీలో ఉంటున్నారు. సంక్రాంతి వెళ్లగానే మేమిద్దరం అక్కడికి బయలుదేరాలని టిక్కెట్లు కొన్నాము. ఇంకా మూడు నెలల వ్యవధి ఉంది. అల్లుడు నైవాషా సరస్సు దగ్గర మూడు రోజుల సైకిలు యాత్రకు మా వారి పేరు రాయించాడట. వెంట గైడు ఉంటాడట. జీబ్రాలు, జిరాఫీల మధ్యనుంచే సైకిలు తొక్కుకుంటూ పోవడం, రాత్రి సరస్సు ఒడ్డున గుడారాల్లో పడుకోవడం. ఆ చోటు పేరు 'నరకద్వారం' అని తెలిసినప్పటినుంచీ నాకు నిద్ర లేదు. ఆయనకు పదేళ్లుగా షుగరు, ఆరేళ్లుగా బి.పి. ఉన్నాయి. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్, అటెనొలాల్ వాడుతున్నారు. కుర్రతనంలో రోజూ సైకిలు మీదే ఆఫీసుకు వెళ్లానని, తనకేమీ కాదని అంటారు. ఈ మధ్య మా రెండో అంతస్తు మెట్లెక్కేటప్పుడు మధ్యలో ఆగి, రొమ్ము మీద చెయ్యి వేసుకుని నిలబడుతున్నారు. అడిగితే గ్యాసు అంటున్నారు. అడవి జంతువుల భయం, దోమల భయం, ఈ షుగరు. వీటిలో దేనికి భయపడాలో తెలియడం లేదు. పచ్చజ్వరానికి టీకా వేయించుకోవాలంటున్నారు. నేను గుడ్డు ముట్టను. నాకు ఆ టీకా పడుతుందా?
— ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికంటె ముఖ్యమైన మాటను చివరలో, మెట్ల దగ్గర రాశారు. సింహాల సంగతి తరువాత చూద్దాం. ముందు ఆ మెట్ల సంగతి తేల్చాలి.

పదేళ్లుగా షుగరు ఉన్న 58 ఏళ్ల మనిషి మెట్లెక్కుతూ ఆగి రొమ్ము పట్టుకుంటే, ఒక నిమిషం నిలబడగానే అది తగ్గిపోతే, దాన్ని గ్యాసు అనుకోవడానికి వీల్లేదు. గుండె కండరానికి రక్తం తీసుకుపోయే నాళాలు సన్నబడినప్పుడు కనిపించే లక్షణం సరిగ్గా ఇదే. శ్రమ పడితే వస్తుంది, ఆగితే పోతుంది. గ్యాసుకు మెట్లతో పనేముంది? అది కుర్చీలో కూర్చున్నా రావాలి గదా! పైగా షుగరు ఉన్నవాళ్లలో కొందరికి నరాలు మొద్దుబారి, గుండె నొప్పి నొప్పిలా తెలియదు. బరువుగానో, ఆయాసంగానో, చెమటగానో తెలుస్తుంది. కాబట్టి ఈ వారమే గుండె డాక్టరుకు చూపించండి. పడుకోబెట్టి తీసే ఇ.సి.జి. బాగుందని ఊరుకోవద్దు. విశ్రాంతిలో ఉన్నప్పుడు తీసిన ఇ.సి.జి. ఇటువంటివారిలో మామూలుగానే ఉండవచ్చు. ట్రెడ్‌మిల్ మీద నడిపించి చూడాలా, మరో పరీక్ష చేయాలా అన్నది ఆయన నిర్ణయిస్తారు. ఈలోగా కూర్చుని ఉన్నప్పుడే నొప్పి వచ్చినా, పది నిమిషాలు దాటినా తెల్లవారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకుపోండి.

ఆ పరీక్ష ఫలితం తెలిసేదాకా సైకిలు మాట వద్దు. సాధన కోసమైనా వద్దు. కెన్యా ప్రయాణం మాత్రం అప్పుడే రద్దు చేసుకోనక్కరలేదు. గుండె డాక్టరు విమానానికి సరే అంటే, సైకిలుకు కాదన్నా, జీపులో కూర్చుని జంతువులను చూడవచ్చు. నిజానికి కెన్యాలోని చాలా అభయారణ్యాలలో బండి దిగనే దిగనివ్వరు.

మీకు నిద్ర లేకుండా చేసిన 'నరకద్వారం' అందుకు మినహాయింపు. హెల్స్ గేట్ నేషనల్ పార్కు నైరోబీకి వాయవ్యంగా సుమారు 90 కిలోమీటర్ల దూరంలో, నైవాషా సరస్సుకు దక్షిణాన ఉంది. 1984లో ఏర్పాటు చేశారు. విస్తీర్ణం 68 చదరపు కిలోమీటర్లు. ఎర్రటి కొండచరియలు, నేలలోంచి ఆవిరి ఎగజిమ్మే బుగ్గలు ఉన్నాయి. అక్కడ కాలినడకన, సైకిలు మీద తిరగనిస్తారు. పెద్ద క్రూరమృగాలు ఆ పార్కులో అరుదు కనుకనే ఈ సదుపాయం. జీబ్రాలు, జిరాఫీలు, అడవి పందులు, లేళ్లు, హార్ట్‌బీస్టులు, అడవి దున్నలు, బబూన్ కోతులు కనిపిస్తాయి. కాబట్టి సింహం మీ వారిని ఎత్తుకుపోతుందన్న బెంగ వదిలెయ్యండి. చూడవలసినవి దున్న, కోతి, నీటి గుర్రం.

సైకిలుకు చప్పుడు ఉండదు. అదే దాని అందం, అదే దాని ప్రమాదం. మోటారు కారు వస్తే జంతువు దూరం నుంచే విని తప్పుకుంటుంది. సైకిలు మలుపు తిరిగేసరికి ఎదురుగా దున్న ఉంటే ఇద్దరూ ఒకేసారి ఉలిక్కిపడతారు. అందుకే గైడు ముందుండాలి, మిగిలినవారు ఒకరి వెనుక ఒకరుగా, ఎవరూ విడిపోకుండా పోవాలి. బోత్స్వానాలో మషాటు అనే చోట ఏనుగులు నడిచి నడిచి వేసిన దారుల వెంట ఇటువంటి సైకిలు యాత్రలు నడుపుతారు. సింహాలు, ఏనుగులు తిరిగే చోటు కనుక అక్కడ ముందు పోయే గైడు తుపాకి పట్టుకునే పోతాడు. ఆయన చెయ్యెత్తితే ఆగడమే, ఎందుకని అడగడం లేదు. మంద నుంచి విడిపోయిన ముసలి దున్నపోతు మహా చిరాకు మనిషి లాంటిది. దాని ఫోటో కోసం దగ్గరకు పోరాదు. ఏ జంతువు ఎదురుపడినా వెన్ను చూపి పరుగెత్తడం తప్పు. పారిపోయేదాన్ని తరమడం వేటాడే జంతువుకు పుట్టుకతో వచ్చిన గుణం. ఆగి, సైకిలును అడ్డం పెట్టుకుని, మెల్లగా వెనక్కు తగ్గాలి. మన ఊరి కుక్క విషయంలోనూ ఇదే సూత్రం.

తలకు హెల్మెట్ లేకుండా సైకిలు ఎక్కనివ్వకండి. 2011లో దక్షిణాఫ్రికాలో ఒక సైకిలు పందెంలో పోతున్న యువకుణ్ణి పక్కనుంచి దూసుకువచ్చిన హార్ట్‌బీస్ట్ ఒకటి గాలిలోకి ఎగిరి గుద్దింది. కిందపడ్డా, హెల్మెట్ ఉండబట్టి బతికి బట్టకట్టాడు. ఆ దృశ్యం ప్రపంచమంతా చూసింది. మీ వారికి కూడా చూపించండి. నా మాటకంటె అది బాగా పనిచేస్తుంది!

కోతుల సంగతి: సంచిలో అరటిపండ్లు, బిస్కట్లు పైకి కనిపించేలా పెట్టుకోవద్దు. బబూన్ లాక్కుంటుంది, అడ్డుపడితే కరుస్తుంది. ఏ జంతువు కరిచినా, గీరినా సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆస్పత్రికి పోయి రేబిస్ టీకాలు మొదలుపెట్టాలి. యాత్ర ముగిశాక చూద్దాంలే అనుకోరాదు. వ్యాధి లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కు చికిత్స దాదాపు లేనట్లే.

ఇక నీటి గుర్రం. నైవాషా సరస్సులో అవి ఉన్నాయి. పగలంతా నీళ్లలో మునిగి, చీకటి పడ్డాక గడ్డి మేయడానికి ఒడ్డుకు వస్తాయి. ఒడ్డున అంటే మీ గుడారాల దగ్గర అన్నమాట. షుగరు ఉన్న మగవారు రాత్రి ఎన్నిసార్లు లేస్తారో మీకు నేను చెప్పనక్కరలేదు. చీకట్లో టార్చిలైటు పట్టుకుని బయటకు వెళ్లిన మనిషి నీటి గుర్రానికీ నీళ్లకూ మధ్యన పడితే అది దారి కోసం ఆగదు. కాబట్టి గుడారం మాన్పించి, మరుగుదొడ్డి లోపలే ఉన్న గది తీసుకోమని అల్లుడితో చెప్పండి. గుడారమే తప్పదంటే రాత్రికి ఒక వెడల్పు మూతి సీసా లోపల పెట్టుకోమనండి. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

అక్కడి లోయల్లోకి దిగడం గురించి ఒక మాట. ఎక్కడో ఎగువన వాన పడితే ఆ ఇరుకు లోయలోకి హఠాత్తుగా వరద వస్తుంది. 2012లోను, 2019లోను అక్కడ అలాగే ప్రాణాలు పోయాయి. మబ్బు పట్టిన రోజున లోయలోకి దిగవద్దు.

గుండె డాక్టరు సైకిలుకు అనుమతి ఇచ్చారనుకుందాం. అప్పుడు షుగరు మాత్రల లెక్క చూసుకోవాలి. గ్లిమిపిరైడ్ అనేది తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను ఊరించే మందు. దాన్ని మింగి, అలవాటు లేని శ్రమ చేసి, భోజనం ఆలస్యం చేస్తే రక్తంలో చక్కెర పడిపోతుంది. మామూలుగా అప్పుడు గుండె దడ, చేతుల వణుకు, చెమటలు వచ్చి మనిషిని హెచ్చరిస్తాయి. మీ వారు అటెనొలాల్ వాడుతున్నారు. అది దడను, వణుకును కప్పిపుచ్చుతుంది. మిగిలేది చెమట ఒక్కటే. సైకిలు తొక్కేవాడికి చెమట పట్టడం వింతేముంది? అందువల్ల ఎవరూ గుర్తించరు, మాట తడబడి పడిపోయేదాకా. యాత్రకు వెళ్లే రోజులలో గ్లిమిపిరైడ్ మోతాదు తగ్గించాలా, మార్చాలా అన్నది మీ డాక్టరును ముందే అడగండి. అటెనొలాల్‌ను మాత్రం సొంతంగా ఆపవద్దు. హఠాత్తుగా మానితే గుండెకే చేటు. రోజూ బయలుదేరేముందు వేలిచుక్కతో చక్కెర చూసుకుని, 100 కంటె తక్కువ ఉంటే ఏదైనా తిని కదలాలి. గ్లూకోజు పొట్లం చొక్కా జేబులోనే ఉండాలి. వెనక జీపులో వచ్చే సంచిలో ఉంటే లేనట్లే. తేడాగా అనిపించగానే ఆగి, మూడు నాలుగు చెంచాలు నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాల తరువాత మళ్లీ చూసుకోవాలి. ఆయనకు షుగరున్నదని గైడుకు ముందే చెప్పి ఉంచాలి. మీ వారు ఇది దాచాలని చూస్తారు, నాకు తెలుసు.

నైవాషా సముద్రమట్టానికి సుమారు ఆరు వేల అడుగుల పైచిలుకు ఎత్తున ఉంది. తెనాలిలో పుట్టి పెరిగిన ఊపిరితిత్తులకు మొదటి రెండు మూడు రోజులు చిన్న ఎత్తు ఎక్కినా ఆయాసం వస్తుంది. దిగిన మర్నాడే సైకిలు ఎక్కకుండా నైరోబీలో అమ్మాయి దగ్గర నాలుగు రోజులు ఉండి వెళ్లాలి. చల్లగా ఉందిగదా అని ఎండను లెక్కచేయకపోతే భూమధ్యరేఖ దగ్గరి సూర్యుడు ఊరుకోడు. నీళ్లు దాహం వేసేదాకా ఆగకుండా గుక్కెడు గుక్కెడుగా తాగుతూ ఉండాలి.

చాలాకాలం తరువాత సైకిలెక్కినవారికి తప్పని బాధ సీటుది. తొడల మధ్య చర్మం ఒరుసుకుని పుండవుతుంది. షుగరు ఉన్నవారికి అది చీము పడుతుంది. లోపల మెత్త కుట్టిన సైకిలు నిక్కర్లు దొరుకుతాయి. వాటి లోపల మరొక అండర్‌వేర్ వేసుకోరాదు. ఆ కుట్లే ఒరుస్తాయి. ఏ రోజు నిక్కరు ఆ రోజే ఉతకాలి. మర్మాంగాల దగ్గర తిమ్మిరెక్కితే సీటు ముక్కు పైకి ఎత్తి ఉందేమో, ఎత్తు ఎక్కువైందేమో చూసి సరిచేయించి, మధ్యమధ్య పెడళ్ల మీద నిలబడాలి. బిగుతు బూట్లు, కొత్త బూట్లు వద్దు. రాత్రి పాదాలు మీరే స్వయంగా చూడండి. అనుమతి దొరికాక ఇక్కడ కనీసం ఆరు వారాలు క్రమంగా పెంచుకుంటూ తొక్కాలి.

దోమల విషయానికి వస్తే, మలేరియా దోమ ద్వారా వ్యాపిస్తుందన్న రహస్యం రొనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే, 1897లో. మనకు అలవాటైన జబ్బేగదా అని తేలిగ్గా తీసుకోవద్దు. ఆఫ్రికాలో ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం రకం, మెదడుకెక్కి ప్రాణం తీసేది. పాతకాలపు క్లోరోక్విన్ దానికి పనిచేయదు. నైరోబీలో బెడద తక్కువే అయినా మీరు ఒక్క నైరోబీలోనే కూర్చోరు గదా. ముందుగానే వాడే మాత్రలున్నాయి. డాక్సీసైక్లిన్ అయితే బయలుదేరడానికి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగి వచ్చాక నాలుగు వారాలు రోజూ వాడాలి. నిండు గ్లాసు నీళ్లతో మింగి అరగంట పడుకోకూడదు. పాలతో మింగరాదు. దానితో చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుంది కనుక సైకిలువారు పొడుగు చేతుల చొక్కా వేసుకోవాలి. అటొవాక్వోన్-ప్రోగ్వానిల్ అనే మాత్ర వచ్చాక వారం రోజులు చాలు, ఖరీదు మాత్రం ఎక్కువ. వారానికొకటి వేసుకునే మెఫ్లోక్విన్ మీ వారి మందులతో నాకు నచ్చదు. ఏది వాడినా సాయంకాలం నుంచి ఒళ్లంతా కప్పుకోవడం, దోమతెర తప్పవు.

నా దగ్గరకు ఒకసారి ఆఫ్రికా నుంచి వచ్చిన కుర్రవాణ్ణి తీసుకొచ్చారు. ఇల్లు చేరాం గదా అని విమానం దిగగానే మాత్రలు మానేశాడు. పన్నెండో రోజున జ్వరం. వైరల్ అనుకుని నాలుగు రోజులు ఇంట్లోనే ఉంచారు. ఎక్కడికి వెళ్లివచ్చాడో ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. నా దగ్గరకు వచ్చేసరికి కళ్లు పచ్చబడి, మాట పొంతన లేకుండా ఉన్నాడు. అదృష్టం కొద్దీ బతికాడు. తిరిగి వచ్చాక మూడు నెలల లోపు, ఆ మాటకొస్తే ఏడాదిలోపు, ఏ జ్వరం వచ్చినా డాక్టరు ముందు కూర్చోగానే 'కెన్యా వెళ్లి వచ్చాము' అన్నది మొదటి మాట కావాలి.

చివరగా మీ టీకా. మన దేశంలో పచ్చజ్వరం లేదు, కాని దాన్ని మోసే దోమ మన పెరట్లోనే ఉంది. అందుకే ప్రభుత్వం ఇంత కఠినంగా ఉంటుంది. కెన్యా నుంచి వచ్చేవారి దగ్గర టీకా కార్డు లేకపోతే ఆరు రోజుల వరకు విడిగా ఉంచుతారు. టీకా వేయించుకుని పది రోజులు నిండాకే ఆ కార్డుకు విలువ, కనుక చివరి వారంలో పరుగెత్తవద్దు. ఒకసారి వేయించుకుంటే 2016 నుంచి అది జీవితాంతం చెల్లుతుంది. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాలలోనే వేయించుకోవాలి. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. కార్డులో పాస్‌పోర్టు నంబరు సరిగా రాశారో లేదో అక్కడే చూసుకోండి. ఆ టీకా మందును కోడిగుడ్డు పిండంలో పెంచుతారు. గుడ్డు తినకపోవడం వేరు, గుడ్డు పడకపోవడం వేరు. ఎప్పుడైనా కేకులో తెలియక తిన్నప్పుడు ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం వచ్చిందా? వస్తే అక్కడి డాక్టరుకు చెప్పండి. కేవలం అలవాటు లేక, ఆచారం వల్ల ముట్టకపోతే టీకాకు అభ్యంతరం లేదు. 60 దాటినవారికి, స్టెరాయిడ్లు వాడేవారికి, రోగనిరోధక శక్తి తగ్గినవారికి మాత్రం ఆలోచించి వేస్తారు. అందువల్ల మీ వారు వాడే మందుల చీటీలన్నీ పట్టుకుపోండి.

గుండె పరీక్షల రిపోర్టులు చేతికి రాగానే వాటి నకళ్లతో మళ్లీ రాయండి. సైకిలా, జీపా అన్నది అప్పుడు చెబుతాను.