వియన్నాలో దిగాలా, బుడాపెస్ట్ దాకా వెళ్లాలా?

మే నెల వచ్చిందంటే మన సంఘం వాట్సాప్ గ్రూపులో రెండు ప్రశ్నలు మొదలవుతాయి. ఊరి నుంచి ఎవరైనా వస్తున్నారా, ఆవకాయ తెప్పించుకోవచ్చా అన్నది మొదటిది. అమ్మానాన్నలు వచ్చారు, లాంగ్ వీకెండ్‌కి ఎక్కడికి తీసుకెళ్లాలి అన్నది రెండోది. బవేరియాలో ఫ్రోన్‌లైఖ్నామ్ పండగ ఎప్పుడూ గురువారమే కాబట్టి శుక్రవారం ఒక్కరోజు సెలవు పెడితే నాలుగు రోజులు చేతికొస్తాయి. ఈసారి చర్చంతా రెండు ఊళ్ల చుట్టూనే తిరిగింది: వియన్నా, బుడాపెస్ట్.

మ్యూనిక్ నుంచి రెండింటికీ ఒకటే రైలు. రైల్‌జెట్ ఎక్కితే దాదాపు నాలుగు గంటల్లో వియన్నా. దిగకుండా కూర్చుంటే ఇంకో రెండు గంటల నలభై నిమిషాలకు బుడాపెస్ట్. దారిలోదే కదా అని చాలామంది రెండూ కలిపేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఒక హోటల్ ఖాళీ చేసి, లగేజీ లాకర్లో పెట్టి, ఇంకో ఊళ్లో రూము చేతికొచ్చేసరికి ఒక పూట గల్లంతు. ఉన్నవే నాలుగు రోజులు, అందులో రానూపోనూ రైల్లోనే బోలెడు పోతుంది. ఒక్క ఊరు చాలు.

గ్రూపులో ఎక్కువ ఓట్లు వియన్నాకే పడ్డాయి. దగ్గర, శుభ్రం, మనకొచ్చిన జర్మన్ పనికొస్తుంది, యూరోలు మార్చుకోనక్కర్లేదు, మెట్రో స్టేషన్లలో లిఫ్టులుంటాయి. కాదనడానికేమీ లేదు. అయినా వెంట అమ్మానాన్నలు ఉంటే నా ఓటు బుడాపెస్ట్‌కే.

ఎందుకంటే వియన్నా గొప్పదనం చాలావరకు నాలుగు గోడల మధ్యే ఉంది. దాన్ని నడిచి చూడాలి. షోన్‌బ్రున్ ప్యాలెస్‌లో గదులు 1,441. మనకు చూపించేది నలభై దాకానే అయినా, ఆడియో గైడు చెవికి ఆనించుకుని ఆ నలభై దాటేలోపే నాన్నగారి కళ్లు కుర్చీ కోసం వెతుకుతుంటాయి. కున్స్ట్‌హిస్టారిషెస్ మ్యూజియంలో బ్రూగెల్ చిత్రాలున్న గది ఒక్కటి చాలు, ప్రయాణం ఖర్చు రాబట్టుకోవడానికి. 1565లో ఆయన వేసిన మంచులో వేటగాళ్ల ముందు నేను ఎంతసేపైనా నిలబడగలను. అదే ఓపిక మా అమ్మను చూపించమనడం న్యాయం కాదు.

బుడాపెస్ట్‌ను కూర్చుని చూడొచ్చు. పెస్ట్ ఒడ్డున డాన్యూబ్ పక్కనే వెళ్లే 2వ నంబరు ట్రామ్ ఎక్కండి. దక్షిణం వైపు వెళ్లేటప్పుడు నది కుడి పక్కన ఉంటుంది, కిటికీ సీటు అటు పట్టుకోవాలి. పార్లమెంటు దాటగానే 1849 నాటి చెయిన్ బ్రిడ్జి, అవతలి ఒడ్డున కొండ మీద బుడా కోట, అన్నీ వరసగా కిటికీ దగ్గరికే వచ్చిపోతాయి. చీకటి పడ్డాక పడవ ఎక్కితే అవే మళ్లీ దీపాలతో. బుడా, ఓబుడా, పెస్ట్ కలిసి ఒక ఊరైంది 1873లోనే అని చెబితే పెద్దవాళ్లు ఆసక్తిగా వింటారు. హైదరాబాదు, సికింద్రాబాదు ముచ్చట్లు వాటంతటవే వస్తాయి.

పిల్లలుంటే బుడా కొండల్లో పిల్లల రైలు తప్పనిసరి. 1948 నుంచి నడుస్తోంది. అడవిలో సుమారు పదకొండు కిలోమీటర్ల దారి. టికెట్టు ఇచ్చేది, సిగ్నల్ వేసేది, రైలు కదిలేటప్పుడు ప్లాట్‌ఫారం మీద అటెన్షన్‌లో నిలబడి సెల్యూట్ కొట్టేది అందరూ పది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలే. ఇంజన్ మాత్రం పెద్దవాళ్లు నడుపుతారు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో సగం జీవితం గడిపిన తాతయ్యకు, ఇంట్లో ఐప్యాడ్ వదలని మనవడికి ఒకేసారి నచ్చే చోటు ఇంకోటి నాకు తెలీదు.

పార్లమెంటుకు కాస్త ఇవతల, నది గట్టు మీద ఇనుప చెప్పులు, బూట్లు అరవై జతలున్నాయి. 1944-45 చలికాలంలో ఏరోక్రాస్ ఫాసిస్టు మూకలు యూదులను అక్కడ నిలబెట్టి, కాళ్లకున్నవి విప్పించి, కాల్చి నదిలో పడేశారు. వాళ్ల గుర్తుగా 2005లో పెట్టారు. ఒక బూటు పక్కకి ఒరిగి ఉంటుంది, ఒక ఆడమనిషి జోడు మడమ అరిగి ఉంటుంది, చంటిపిల్లలవీ ఉన్నాయి. సెల్ఫీల చోటు కాదని పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్లండి.

ఇక అందరూ అడిగే వేడినీటి స్నానాలు. 1913లో తెరిచిన సేచెనీ స్నానశాలలో భూమిలోంచి డెబ్బై డిగ్రీలు దాటిన నీళ్లు వస్తాయి, చల్లార్చి కొలనుల్లోకి వదులుతారు. మోకాళ్ల నొప్పులకు మంచిదని పెద్దవాళ్లకు మనమే ఊరిస్తాం. తీరా వెళ్లాక ఈతదుస్తులు లేనిదే దిగనివ్వరు. చుడీదార్‌తో కుదరదు. నాన్న నిక్కరేసుకుని దిగిపోతారు, అమ్మ పార్కు బెంచీ మీద అందరి బ్యాగులకు కాపలా. అలాగైతే ఆ రెండు గంటలూ ఆవిడ కోసం ఇంకేదైనా చూడటమే మేలు. పిల్లలకు వయసు నిబంధనలుంటాయి, టికెట్టు కొనేముందే చూసుకోండి. తిండి సంగతి: అక్కడి పాతకాలపు వంటల్లో పందికొవ్వు వాడకం ఎక్కువ. శాకాహారులు సూప్ దగ్గర కూడా అడిగి తీరాలి.

మీరిద్దరే వెళ్తున్నారా? అప్పుడు మాట వేరు, వియన్నాలోనే దిగిపోండి. స్టేట్ ఒపెరాలో నిలబడి చూసే టికెట్లు ఇరవై యూరోల లోపే దొరుకుతాయి. ఒకప్పుడు లోపలికెళ్లగానే అందరూ ముందున్న కమ్మీకి స్కార్ఫు కట్టేసి బయటికి పోయేవారు. మన ఆర్టీసీ బస్సు కిటికీలోంచి రుమాలు వేసినట్టే, ఇక ఆ చోటు వాళ్లది. జులై, ఆగస్టుల్లో మాత్రం ఒపెరాకు సెలవులు. చరిత్ర మీద ఇష్టమున్నవాళ్లకు ఇంకో మాట. నేతాజీ ఎమిలీ షెంకెల్‌ను కలిసింది 1934లో ఈ ఊళ్లోనే, వాళ్లమ్మాయి అనిత 1942లో పుట్టిందీ ఇక్కడే. బుడాపెస్ట్ వాళ్లు ఊరుకోరు లెండి, చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ 1913లో పుట్టింది తమ ఊళ్లో అంటారు.

ఎటు వెళ్లినా అందరి పాస్‌పోర్టులు, మీ రెసిడెన్స్ కార్డు, పెద్దవాళ్ల షెన్‌గెన్ వీసా దగ్గరుంచుకోండి. రెండు దేశాలూ షెన్‌గెన్‌లోనివే కాబట్టి వేరే వీసా అక్కర్లేదు గానీ, తిరిగొచ్చేటప్పుడు జర్మనీ సరిహద్దులో పోలీసులు రైలెక్కి అడుగుతున్నారు. ఫోన్లో ఫొటో చూపిస్తామంటే కుదరదు. సీట్లు ముందే రిజర్వు చేసుకోండి, సెలవులకు ముందు రైళ్లు కిటకిటలాడతాయి. బుడాపెస్ట్‌లో కార్డు గీసేటప్పుడు యూరోల్లోనా ఫోరింట్లలోనా అని మెషిన్ అడిగితే ఫోరింట్లు నొక్కండి, లేకపోతే మారకం రేటులో బాదేస్తారు.

వియన్నా పక్షం వాళ్లకు ఈపాటికి ఒళ్లు మండుతూ ఉంటుంది. వచ్చే సంచికకు రెండు పేజీలు వాళ్ల కోసం ఖాళీగా ఉంచాం. తెలుగులో టైపు చేసి పంపండి, అక్షరం మార్చకుండా వేస్తాం.